అందరూ తలో ఉద్యోగంలో ఉంటే, ఇదేం చదువు?

ప్రశ్న: మా అమ్మాయి సోషియాలజీలో డిగ్రీ చేసి, ఇప్పుడు యూనివర్సిటీలో అర్బన్ ప్లానింగ్ (నగరాల ప్రణాళిక) మాస్టర్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఎప్పుడు ఫోన్ చేసినా స్టూడియోలోనే ఉంటుంది. ఒకరోజు పొద్దున ఆరున్నరకి చేస్తే కూడలిలో నిలబడి మనుషుల్ని లెక్కపెడుతున్నానంది. గ్రూపులో ఆర్కిటెక్చర్ చదివొచ్చిన పిల్లల ముందు తనకేమీ రావట్లేదని ఏడుస్తోంది. ఆ డిపార్ట్‌మెంట్ పూర్వ విద్యార్థులు ఏం చేస్తున్నారో చూశాను. ఒకరు బస్సుల సంస్థలో, ఒకరు బిల్డర్ దగ్గర, ఒకరు ఇళ్లు లేనివాళ్ల కోసం పనిచేసే సంస్థలో, ఇంకొకరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ‘ప్లానర్’ అన్న హోదాతో ఉన్నవాళ్లు చాలా తక్కువ. ఈ చదువుకి తనదంటూ ఒక ఉద్యోగం లేదా? ఇప్పుడే మాన్పించి వేరే కోర్సులో చేర్చడం మంచిదా? – ఒక తల్లి

జవాబు: మాన్పించకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మీ టెన్షన్ కాస్త తగ్గుతుంది, కారణాలు తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. నేనూ ఈ కోర్సే చదివాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఎనిమిదేళ్లు నగర పాలనలో ప్లానింగ్ విభాగంలో పనిచేశాను. మీ అమ్మాయి పడుతున్న బాధ నేను పడిందే.

ముందు ఆ కూడలి సంగతి. మాస్టర్స్ చదివే పిల్ల రోడ్డు మీద నిలబడి మనుషుల్ని లెక్కపెట్టడమేంటని మీకు అనిపించి ఉంటుంది. ఈ వృత్తిలో చాలా విషయాలు తేలింది అలాగే. 1970లలో న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన పెద్ద భవనాల ముందున్న ఖాళీ ఆవరణల్ని కెమెరాలతో గంటల తరబడి చిత్రీకరించాడు. కొన్ని ఆవరణలు జనంతో నిండిపోతుంటే పక్క వీధిలో ఉన్నవి బోసిగా ఎందుకున్నాయో తెలుసుకోవాలని. ఎండ, ఆవరణ సైజు, ఆకారం అన్నీ పరిశీలించాడు. చివరికి అన్నిటికంటే ఎక్కువ తేడా తెస్తున్నది కూర్చోవడానికి చోటు ఉందా లేదా అన్నదే అని తేలింది. 1975లో ఆ నగరం తన నిబంధనలు మార్చి, అలాంటి ఆవరణల్లో కూర్చునే చోటు తప్పనిసరి చేసింది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 1962లో ప్రధాన వీధిని కార్లకి మూసేశారు. ఆ తర్వాత యాన్ గేల్ అనే ఆర్కిటెక్ట్, ఆయన విద్యార్థులు అక్కడ నడిచేవాళ్లని, ఆగేవాళ్లని, కూర్చునేవాళ్లని ఏళ్ల తరబడి లెక్కపెట్టారు. ఆ లెక్కలు చేతిలో ఉండబట్టే నడిచేవాళ్ల కోసం ఇంకొన్ని వీధులు ఇవ్వాలన్న వాదనకి బలం వచ్చింది. మీ అమ్మాయి బహుశా చేస్తున్నదీ అదే పద్ధతి. పది నిమిషాలు లెక్కపెట్టి ఆరుతో గుణిస్తే గంటకి ఎంతమందో తెలుస్తుంది. అది పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చేస్తే ఆ కూడలి రోజంతా ఎలా బతుకుతోందో కళ్లకి కడుతుంది.

ఇక స్టూడియో. పేరు వింటే బొమ్మలు గీసే గది అనుకుంటాం. నిజానికి ఈ కోర్సుకి గుండెకాయ అదే. ప్లానింగ్‌ని యూనివర్సిటీ చదువుగా మొదలుపెట్టింది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీ, 1909లో. సబ్బుల వ్యాపారి విలియం లీవర్ ఇచ్చిన డబ్బుతో ఆ విభాగం పెట్టారు. ఇప్పుడు చాలా చోట్ల ఈ చదువు కేవలం లెక్చర్లతో నడవదు. అయిదారుగురు విద్యార్థుల్ని ఒక గ్రూపుగా చేసి, నిజంగా ఉన్న ఒక ప్రాంతాన్ని వాళ్ల చేతిలో పెడతారు. చాలాసార్లు ఎదురుగా నిజమైన క్లయింటే ఉంటారు, ఒక మునిసిపాలిటీయో, అక్కడి నివాసుల సంఘమో. సర్వే చెయ్యాలి, జనంతో మాట్లాడాలి, మ్యాపులు వెయ్యాలి, రెండు మూడు ప్రత్యామ్నాయాలు తయారు చెయ్యాలి, వాటిలో ఏది మంచిదో ఎందుకు మంచిదో జ్యూరీ (పని చూసి ప్రశ్నలడిగే నిపుణులు) ముందు నిలబడి చెప్పాలి. ఇవన్నీ ఒక్క సెమిస్టర్‌లో. అందుకే ఆ రాత్రులు.

నా మొదటి స్టూడియోలో జరిగింది ఒకటి చెప్తాను. మా గ్రూపు వేసిన మ్యాపులో ఇళ్లు పసుపు రంగు, పరిశ్రమలు ఊదా, పార్కులు ఆకుపచ్చ. మధ్యలో ఒక స్థలం తెల్లగా వదిలేశాం, రికార్డుల్లో ఖాళీ స్థలం అని ఉంది కాబట్టి. దాని మీద నాలుగంతస్తుల పార్కింగ్ గీశాం. జ్యూరీకి వచ్చినావిడ మా కాలేజీలోనే పదేళ్ల కిందట చదివిన సీనియర్. మ్యాపు మీద ఆ తెల్ల ముక్కని వేలితో చూపించి, “ఇక్కడికి సాయంత్రం అయిదు తర్వాత ఎవరైనా వెళ్లారా?” అని అడిగారు. ఎవరం వెళ్లలేదు. ఆవిడ ఇంకేం అనలేదు. మర్నాడు సాయంత్రం వెళ్లి చూస్తే నలభై మందికి పైగా పిల్లలు ఆడుకుంటున్నారు. గోడ పక్కన వాళ్ల అమ్మమ్మలు, తాతలు వరసగా కూర్చుని ఉన్నారు. పగలగొట్టిన గోడ ఇటుకలే వాళ్లకి కుర్చీలు. ఆ రాత్రి నేను ఏడ్చాను. మార్కులు పోయినందుకు కాదు, నేను గీసిన గీత కింద మనుషులున్నారని నాకు తెలియనందుకు. ఆ తర్వాత ఉద్యోగంలో ఏ ఫైల్ మీద ‘ఖాళీ స్థలం’ అని కనిపించినా సాయంత్రం ఒకసారి వెళ్లి చూడకుండా సంతకం పెట్టలేదు.

అందుకే మీ అమ్మాయికి ఏమీ రాదన్న మాట నేను ఒప్పుకోను. ఆర్కిటెక్చర్ నుంచి వచ్చినవాళ్లకి గీయడం వచ్చు, సాఫ్ట్‌వేర్లు వచ్చు. మొదటి సెమిస్టర్‌లో అదే పెద్ద కొండలా కనిపిస్తుంది. కానీ అది కొన్ని వారాల సాధనతో పట్టుబడేది. మ్యాపులు వెయ్యడానికి క్యూజిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రోజుకో గంట చొప్పున కూర్చుంటే సెమిస్టర్ అయ్యేలోపు చెయ్యి తిరుగుతుంది. తెలియని మనిషి గుమ్మం ముందు నిలబడి, అవతలివాళ్లు మనసు విప్పేలా ప్రశ్న అడగడం మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు. అది సోషియాలజీ వాళ్లకి ముందే వచ్చు. ప్లానింగ్ ఆలోచననే మలుపు తిప్పిన జేన్ జేకబ్స్‌కి ప్లానింగ్ డిగ్రీ లేదు, ఆర్కిటెక్చర్ డిగ్రీ లేదు. ఆవిడ పత్రికా రచయిత్రి. తను ఉండే వీధిని శ్రద్ధగా గమనించి, 1961లో ఒక పుస్తకం రాసి నాటి ప్లానర్ల పద్ధతిని నిలదీసింది. అమెరికాకి చెందిన షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో, ప్లానింగ్ నిర్ణయాల్లో జనం పాలుపంచుకోవడాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అట్టడుగు మెట్టు మీద జనాన్ని నమ్మించి తమకి కావాల్సింది చేయించుకోవడం, పై మెట్టు మీద అధికారం జనం చేతికే రావడం. ఈ నిచ్చెన ప్లానింగ్ విద్యార్థులు చాలామంది చదివేదే. గ్రూపులో సర్వే, ఇంటర్వ్యూల బాధ్యత తనే అడిగి తీసుకోమనండి. ఆర్కిటెక్చర్ స్నేహితుల్లో ఒకరిని మ్యాపు నేర్పమని అడిగి, బదులుగా ఇంటర్వ్యూకి వెంట తీసుకెళ్లమనండి. స్టూడియో స్నేహాలు ఇలాగే మొదలవుతాయి, ఎన్నేళ్లయినా పోవు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. అందరూ తలో చోట ఎందుకున్నారు?

నేను ఉద్యోగంలో ఉండగా ఒక రైల్వే స్టేషన్ పక్క స్థలం మీద విచారణ జరిగింది. అక్కడ పెద్ద అపార్ట్‌మెంట్ కట్టాలని ప్రతిపాదన. నగర పాలన తరఫున ఫైలు నాది. బిల్డర్ తరఫున నివేదిక వివరించడానికి లేచింది నా స్టూడియో క్లాస్‌మేట్. రవాణా సంస్థ పంపిన అభిప్రాయం కింద ఉన్న పేరు మా సీనియర్‌ది. అవతల వరసలో అద్దెకుండేవాళ్ల తరఫున మాట్లాడిన అమ్మాయి మాకు రెండేళ్లు జూనియర్. ఆ రోజు మేం ఒకరి మాట ఒకరం ఒప్పుకోలేదు, గట్టిగానే వాదించుకున్నాం. కానీ నలుగురికీ ఒకే మ్యాపు చదవడం వచ్చు, ఎదుటివాళ్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మూడో విచారణకల్లా, పాత అద్దెదారులకి కొన్ని ఇళ్లు కేటాయించాలన్న షరతుతో అనుమతి ఇచ్చాం. మీరు చూసిన జాబితాలో చెల్లాచెదురుగా కనిపించినవాళ్లు నిజానికి ఒకే బల్ల చుట్టూ వేర్వేరు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు. నగరంలో ఒక్క భవనం లేవాలన్నా, ఒక్క బస్సు దారి మారాలన్నా ఆ కుర్చీలన్నీ కావాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నతను కూడా చాలావరకు మ్యాపుల మీదో, ప్రయాణాల డేటా మీదో పనిచేస్తుండొచ్చు.

కాబట్టి పూర్వ విద్యార్థుల హోదా చూసి అంచనా వెయ్యకండి. డిగ్రీ అయ్యాక మొదటి ఉద్యోగానికి ఎన్ని నెలలు పట్టింది, అది ఇంటర్న్‌షిప్ ద్వారా వచ్చిందా, అయిదేళ్ల తర్వాత ఎక్కడున్నారు అన్నవి అడగండి. మళ్లీ అవకాశం వస్తే ఇదే కోర్సు చేస్తారా అని కూడా అడగండి. డిపార్ట్‌మెంట్ గోడ మీద ఫొటోలున్న ప్రముఖుల కంటే, మూడేళ్ల కిందట బయటికొచ్చిన మామూలు విద్యార్థి చెప్పేది మీకు ఎక్కువ పనికొస్తుంది. ఉద్యోగాల పరిస్థితి వాళ్లకి తాజాగా తెలుసు.

ఈ ప్రశ్నలు మీ అమ్మాయే అడగాలి, మీరు కాదు. చాలామంది పిల్లలు చివరి సెమిస్టర్‌లో రెజ్యూమె జతచేసి “ఏదైనా ఉద్యోగం ఉంటే చెప్పండి” అని పాతిక మందికి ఒకే మెసేజ్ పంపిస్తారు. దానికి జవాబు రాదు, వచ్చినా “తప్పకుండా చూస్తాను” దగ్గర ఆగిపోతుంది. మొదటి ఏడాదిలోనే ఇలా రాస్తే వేరుగా ఉంటుంది: “నేను మన డిపార్ట్‌మెంట్‌లో మొదటి సంవత్సరం. మా స్టూడియోలో ఒక కూడలిలో నడిచేవాళ్ల మీద పనిచేస్తున్నాం. మీరు బస్ స్టాపుల మీద పనిచేశారని చూశాను. స్టాప్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడు మీరు మొదట ఏం చూస్తారో తెలుసుకోవాలనుంది. ఇరవై నిమిషాలు మాట్లాడగలరా?” ఇలాంటి మెసేజ్ నాకు వస్తే ఎంత పనిలో ఉన్నా జవాబిస్తాను. మాట్లాడాక నెలకో రెండు నెలలకో, “మీరు చెప్పినట్టు చేశాం, ఇలా వచ్చింది” అని రెండు వాక్యాలు రాయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. సీనియర్‌కి గుర్తుండిపోయేదీ ఇదే.

పోర్ట్‌ఫోలియో, అంటే చదువులో చేసిన పనులన్నీ చూపించే ఫైలు, దాని గురించి ఒక్కటి. స్టూడియో పని అంతా గ్రూపుది కాబట్టి, ఇంటర్వ్యూలో “ఇందులో నువ్వు చేసింది ఏది?” అని తప్పకుండా అడుగుతారు. నేను ఇంటర్వ్యూలు చేసినప్పుడు మంచి మంచి బొమ్మలు పెట్టి ఈ ప్రశ్న దగ్గర తడబడ్డవాళ్లని చాలామందిని చూశాను. ప్రతి ప్రాజెక్టు పక్కన తను చేసిన పని ఒక వాక్యంలో రాసుకోమనండి. నలభై ఇంటర్వ్యూలు చేసి ఉంటే అది చిన్న పని కాదు, అలాగే రాయాలి. ఫీల్డ్ నోట్‌బుక్ పేజీ ఒకటి స్కాన్ చేసి పెట్టినా బాగుంటుంది.

వృత్తిపరమైన గుర్తింపు దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో 1914 నుంచి ఉన్న ప్లానర్ల సంస్థ ఆర్‌టీపీఐ సభ్యత్వం, అమెరికాలో ప్లానర్లకిచ్చే ఏఐసీపీ సర్టిఫికెట్ అలాంటివి. వీటికి డిగ్రీతో పాటు కొంత ఉద్యోగ అనుభవం కూడా చూస్తారు. కోర్సుకి ఆ దేశపు వృత్తి సంస్థ గుర్తింపు ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి.

కష్టాలు కూడా చెప్పాలి. ప్రభుత్వ సంస్థల్లో ఎంపిక నెమ్మదిగా సాగుతుంది, దరఖాస్తు పెట్టాక నెలలు గడిచిపోతాయి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకుంటే తక్కువే. కట్టడాలు మందగించిన రోజుల్లో కన్సల్టెన్సీల్లో ఉద్యోగాలు తగ్గుతాయి. అన్నిటికంటే కష్టం ఇంకోటి ఉంది. నువ్వు రాసిన ప్లాన్ అమలయ్యేసరికి పదేళ్లు పట్టొచ్చు, అప్పటికి నువ్వు అక్కడ ఉండకపోవచ్చు. మీటింగులు, అభ్యంతరాలు, మళ్లీ రాయడాలు. ఇవి విని మీ అమ్మాయికి విసుగొస్తే రెండో స్టూడియో అయ్యాక మళ్లీ మాట్లాడదాం. ఒక సెమిస్టర్‌కే తేల్చుకోకూడదు, ఎందుకంటే మొదటి సెమిస్టర్‌లో అందరికీ పరాయిగానే ఉంటుంది. రెండో స్టూడియో తర్వాత కూడా జనంతో మాట్లాడటం బరువుగా, మ్యాపు ముందు కూర్చోవడం శిక్షగా అనిపిస్తే అప్పుడు మారడంలో తప్పులేదు. తన సోషియాలజీ డిగ్రీ ఎక్కడికీ పోదు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ఉద్యోగం మాట ఎత్తకండి. ఆ కూడలిలో పొద్దున ఎంతమందిని లెక్కపెట్టావు, ఎవరు ఎక్కువున్నారు, అందరూ ఎటు వెళ్తున్నారు అని అడగండి. తను వేసిన మ్యాపు ఒకటి, ఎంత అందవికారంగా ఉన్నా సరే, మీకు పంపమనండి. అది చూశాక మళ్లీ రాయండి. ఆ మ్యాపు నేనూ చూస్తాను.