అమ్మానాన్నల కోసం శివార్లలో ఇల్లు కొంటే ఆరోగ్యానికి మంచిదేనా?

హైదరాబాద్ శివార్లలో గాలి బాగుంటుంది, పెద్దవాళ్లకు మంచిదని ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఇల్లు చూస్తున్నామన్నారు. మేమూ నల్లకుంట నుంచి అలా మారినవాళ్లమే. గాలి సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు గేటు దాటి కాలినడకన ఎంతవరకు వెళ్లగలరో చూడండి.

నల్లకుంటలో ఉన్నన్నాళ్లూ మా అమ్మ వాకింగ్ కోసమని ఎప్పుడూ బయల్దేరలేదు. పొద్దున కూరగాయల మార్కెట్, సాయంత్రం శంకర మఠం, మధ్యలో మందుల షాపో, పిండి గిర్నీయో. మోకాళ్లు నొప్పెడితే దారిలో ఎవరింటి అరుగు మీదో కూర్చుని కాసేపు మాట్లాడి వచ్చేది. ఇక్కడికొచ్చాక కొత్తిమీర కట్ట కావాలన్నా ఫోన్‌లో ఆర్డర్ పెట్టాలి, లేదంటే నేను కారు తీయాలి. గేటు బయట సర్వీస్ రోడ్డు, దాని మీద టిప్పర్లు. ఫుట్‌పాత్ కొంత దూరం వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర ఆగిపోతుంది. అక్కడ దిగాలంటే మోకాలెత్తు గట్టు. కొన్నాళ్లు రోడ్డు మీదే నడిచింది, తర్వాత భయమేసి మానేసింది. ఏడాది తిరిగేసరికి షుగర్ మాత్రల డోసు పెరిగింది. వయసు కూడా ఒక కారణమే, కాదనను. కానీ డాక్టర్ మొట్టమొదట అడిగింది మాత్రం నడక గురించే.

వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పాత పేటల్లో అది ఇంటి పనుల్లోనే తీరిపోతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ వాహనాల కోసం కట్టినది. దాని చుట్టూ ముందు అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి, బస్సులూ బజార్లూ ఇంకా రావాల్సే ఉంది. ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలని, గట్టు 150 మిల్లీమీటర్లు దాటకూడదని రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. అది అమలైతే చాలు, సగం మంది పెద్దవాళ్లు ఇల్లు కదిలి బయటికొస్తారు.

కాలనీ లోపల పార్కు ఉందిగా అంటారు. ఉంది, గోడకు ఇవతలున్న మాకు. మా ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు మాత్రం ఆ గోడంతా చుట్టి, తెల్లవారుజామున చీకట్లో ఆ టిప్పర్ల పక్కనే నడిచొస్తారు. నాకు అన్నిటికన్నా బాధనిపించేది ఇదే.

అందుకే అసోసియేషన్‌లో పట్టుబట్టి వెనక గోడకు చిన్న గేటు పెట్టించాం. సెక్యూరిటీ టెన్షన్ అని కొందరు ససేమిరా అన్నారు. తెల్లవారుజాము నుంచి రాత్రి ఎనిమిది దాకా వాచ్‌మన్‌ను పెట్టి తెరిచేలా ఒప్పించాం. ఊరి అంగడి ఇప్పుడు పది నిమిషాల నడక. అమ్మ సంచీ పట్టుకుని తనే వెళ్లొస్తోంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకసారి చీకటి పడ్డాక అమ్మానాన్నలతో అక్కడికి వెళ్లి, గేటు నుంచి బస్ స్టాప్ దాకా, మందుల షాపు దాకా నడిపించి చూడండి. పక్కనే చెరువుంటే స్థలం దాని ఎఫ్‌టీఎల్‌లోకి, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దులోకి, వస్తుందేమో కనుక్కోండి. ఊరి వైపు గేటు లేకపోతే, పెట్టిస్తామని బిల్డర్‌తో ముందే కాగితం మీద రాయించుకోండి.