మాండలే పెళ్లికొడుకు పట్టు లుంగీ

ప్రశ్న: మయన్మార్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడి పెళ్లి ఫోటోలు పంపాడు. వరుడు అలల్లాంటి గీతలున్న పట్టు లుంగీ, పొట్టి కోటు, తలపాగా ధరించాడు. ఆ గీతలు నేసినవా, అద్దినవా? ఈ వేషం రాజుల కాలం నుంచీ ఉన్నదేనా?
– ఒక చేనేత కార్మికుడు, పోచంపల్లి

జవాబు: ఆ అలల నమూనాను అక్కడ అచెయిక్ అంటారు. మాండలే పక్కనున్న అమరపుర దానికి పుట్టినిల్లు వంటిది. గద్వాల చీరలో అంచును చీర నేతతో కలిపేచోట వేర్వేరు నాడెల (దారం మోసే పనిముట్ల) పేక (అడ్డ) పోగులు ఒకదాన్నొకటి పట్టుకునే కుప్పడం పని మీకు తెలిసే ఉంటుంది. అచెయిక్‌లో ఆ కలయిక గుడ్డ పన్నా అంతటా, రంగు మారిన ప్రతిచోటా జరుగుతుంది. పేక ఈ చివర నుంచి ఆ చివరకు సాగదు. ఒక్కో రంగుకు ఒక్కో చిన్న నాడె ఉండి, తన వంతు పడుగు (నిలువు) పోగులు దాటగానే పక్క రంగు పోగును చుట్టి వెనక్కి మళ్లుతుంది. వంద నుంచి రెండు వందల వరకు నాడెలు వాడే ఈ పనికి మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, అయినా రోజుకు కొద్ది అంగుళాలకు మించి గుడ్డ దిగదు. ధర మండిపోవడానికి కారణం ఇదే. అద్దకం నకళ్లు కూడా బజారులో దండిగా ఉన్నాయి కనుక ఫోటో చూసి తీర్పు చెప్పలేము. గుడ్డను తిరగేస్తే నకలు రంగు వెలిసినట్టు కనబడుతుంది, అసలుదానిలో రంగు అంతే చిక్కగా ఉండి కలయికలు చేతికి తగులుతాయి.

ఇక వేషం సంగతి. మయన్మార్‌ను ఆఖరున ఏలిన కోన్‌బౌంగ్ వంశపు రాజుల కాలంలో మగవారు కట్టింది కుట్టు లేని, దాదాపు తొమ్మిది మీటర్ల పసో. నడుముకు చుట్టగా మిగిలిన గుడ్డను ముందు ముడిచి వేలాడదీసేవారు, లేదా భుజాన వేసుకునేవారు. గొట్టంలా కుట్టి ముందువైపు ముడివేసే లుంగీ దానిని పక్కకు నెట్టింది 1885లో వారిలో చివరివాడైన థీబా రాజు పదవీచ్యుతుడైన తరువాత, బ్రిటిష్ పాలనలోనే. అందులో దక్షిణ భారతం నుంచి వెళ్లినవారి కట్టు ప్రభావం ఉంది. తైక్‌పోన్ అనే పొట్టి కోటుకు గుడ్డ ముడుల గుండీలు ఉంటాయి, దాని పోలిక చైనా కోటుది. 1920లలో విదేశీ వస్త్ర బహిష్కారం సాగినప్పుడు జాతీయవాదులు, మన ఖద్దరు ధారులలాగే, స్వదేశీ ముతక నూలు గుడ్డతో కుట్టించిన కోట్లనే పంతంగా తొడిగారు. తలపాగా గౌంగ్‌బౌంగ్ మాత్రం పాతదే, కాకపోతే ఇప్పుడు ఎవరూ తీరిగ్గా చుట్టుకోరు. సన్నని చట్రానికి పట్టుగుడ్డ బిగించిన తయారీ సరుకును టోపీలా పెట్టేసుకుంటారు.

మీ అబ్బాయి ఇన్లే సరస్సు వైపు వెళితే ఇన్‌పాఖోన్ గ్రామపు మగ్గాలు చూడమనండి. అక్కడి జిన్‌మే పట్టు లుంగీలకు పేక పోగులను ముందే కట్టి రంగు వేస్తారు. అది మీ ఊరి చిటికి పనే కదా.