గ్రే పార్ట్రిడ్జ్ బొమ్మ వేయబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

మీ ఊరి ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి ఇక్కడి ఇంగ్లండు పొలాల్లో నేల మీద తిరిగే గ్రే పార్ట్రిడ్జ్ అనే పిట్ట బొమ్మ వేస్తానని నువ్వు చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి అత్తా అని అడిగావు. ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ఇంటర్నెట్‌లో ఫొటో దించుకుని దాన్ని చూసి వేద్దామనుకుంటే మాత్రం వద్దు. ఆ పేరుతో వెతికితే మన కౌజు పిట్ట ఫొటోలు కూడా కలిసిపోయి వస్తాయి. ఇండియాలో దాన్ని కూడా ఇంగ్లీషులో ఇలాగే పిలుస్తూ వచ్చారు మరి. మన చేలగట్ల మీద, తుమ్మకంపల్లో తిరిగే కౌజుకి ఒళ్ళంతా సన్నని అడ్డచారలు, గొంతు చుట్టూ నల్లటి గీత, ఎర్రటి కాళ్ళు ఉంటాయి. ఇంగ్లండు పిట్టకి మొహం, గొంతు నారింజ రంగులో, రొమ్ము బూడిద రంగులో ఉంటాయి. మగదానికి పొట్ట మీద గుర్రపు నాడా ఆకారంలో ముదురు గోధుమరంగు మచ్చ ఉంటుంది. ఆడవాటిలో ఆ మచ్చ చిన్నది, కొన్నింటికి అసలు ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పొలంలో నీకు ముందు ఎదురయ్యేది బహుశా ఇది కాదు, రెడ్‌లెగ్డ్ పార్ట్రిడ్జ్. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి తెచ్చి వదిలిన జాతి అది. ఇప్పటికీ వేట కోసం ఏటా లక్షల్లో పెంచి వదులుతారు. తెల్లని గొంతు, దాని చుట్టూ నల్లని అంచు, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు కనిపిస్తే పక్కన పెట్టెయ్. క్రిస్మస్ కార్డుల మీద బేరిచెట్టు కొమ్మన పార్ట్రిడ్జ్‌ని కూర్చోబెడతారు చూడు, మన గ్రే పిట్ట అలా చెట్లెక్కేది కాదు. తినడం, గుడ్లు పెట్టడం, నిద్రపోవడం అన్నీ నేల మీదే. నీ బొమ్మలో కొమ్మ కనిపించిందంటే, పొలం తెలిసినవాళ్ళెవరూ దాని ముందు ఆగరు.

నేను నీకు గట్టిగా చెప్పేది ఒక్కటే: ముందు పొలం వెయ్యి, తర్వాత పిట్టని వెయ్యి. ఆ పిట్ట రంగులన్నీ పొలం రంగులే. వీపు మీద చారలు ఎండుగడ్డి నీడల్లో కలిసిపోతాయి, రొమ్ము బూడిదరంగు సున్నపురాయి మట్టిలో కలిసిపోతుంది. అది కదలకుండా నక్కి కూర్చుంటే ఇరవై అడుగుల దూరంలో ఉన్నా కనబడదు. స్వీడన్ చిత్రకారుడు బ్రూనో లిల్యెఫోర్స్ జంతువుల్ని వేసినప్పుడు అవి తమ పరిసరాల్లో ఎలా దాక్కుంటాయో దాని మీదే మనసు పెట్టాడు. ఆయన బొమ్మలు ఒకసారి చూడు. పిట్టని తెల్ల కాగితం మధ్యలో ఒంటరిగా నిలబెడితే పక్షుల గైడు పుస్తకంలో పేజీలా ఉంటుంది గానీ పెయింటింగ్ అవ్వదు.

ఎప్పుడు వెళ్ళాలంటావా, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పొద్దున్నే. వేట సీజన్ ఫిబ్రవరి 1తో ముగుస్తుంది, తుపాకుల గొడవ ఉండదు. అప్పటికి గుంపులు విడిపోయి జంటలు కడతాయి, గోధుమ పైరు ఇంకా జానెడు కూడా లేవదు కాబట్టి తలలు బయటికి కనిపిస్తాయి. కారు దిగకు. పొలం పక్కన ఆపి, ఇంజన్ కట్టేసి, అద్దం దించి కూర్చో. మనిషి కనబడితే పారిపోయే పిట్ట కారుని అంతగా లెక్కచేయదు. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు కిర్రుమని ఒక అరుపు వినిపిస్తే అదే మగపిట్ట. లేచి ఎగిరితే తోక చూడు, ఇటుకరంగు ఈకలు విచ్చుకుంటాయి. కూర్చున్నప్పుడు ఆ రంగు దాదాపు బయటపడదు. మే, జూన్ నెలల్లో మాత్రం గడ్డిలో అడుగు పెట్టకు. ఒక్కో గూట్లో పదిహేను దాకా గుడ్లు ఉంటాయి, ఎక్కువగా కంచెల మొదట్లో, నేల మీదే.

ఇక రంగుల సంగతి. రొమ్ము బూడిదరంగు నలుపులో తెలుపు కలిపితే రాదు, చచ్చిన రంగు వస్తుంది. అల్ట్రామెరీన్‌లో (ముదురు నీలం) కాస్త బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) కలుపు, నీళ్ళు ఎక్కువ పోసి పల్చగా వెయ్యి. దగ్గర నుంచి చూస్తే ఆ బూడిద మీద వెంట్రుక మందం అలల గీతలు ఉంటాయి. అన్నీ గీయకు. రొమ్ము వంపు తిరిగే చోట కొన్ని గీస్తే చాలు, మిగతావి చూసేవాళ్ళ కన్నే పూరించుకుంటుంది. పక్కటెముకల దగ్గర ముదురు ఎరుపు పట్టీలు ఒళ్ళు వంపుతో పాటే తిరగాలి, నిటారుగా గీస్తే పిట్ట చెక్కబొమ్మ అయిపోతుంది. జంటని వేస్తే భుజం ఈకలు జాగ్రత్త. మగదాని ఈక మధ్యలో పొడవునా లేతరంగు గీత ఒక్కటే ఉంటుంది. ఆడదానికి ఆ గీతతో పాటు అడ్డంగా కూడా లేత పట్టీలు ఉంటాయి. పొట్ట మచ్చ కంటే నమ్మదగ్గ గుర్తు ఇదే.

ఈకలు తీరిగ్గా చూడాలంటే ట్రింగ్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ శాఖ ఉంది, అక్కడికి వెళ్ళు. స్టఫ్ చేసిన పక్షులుంటాయి. వాటిలో ఆకారం, ఈకల వరస చూసుకో. రంగు నమ్మకు, వెలుతురుకి పాతవి వెలిసిపోతాయి. భంగిమ కూడా నమ్మకు, అది స్టఫ్ చేసినవాడి ఊహ.

పాత మాస్టర్లని కూడా ఒకసారి చూసిరా. యాకొపో దె బార్బరీ 1504లో వేసిన చెక్క పలక మ్యూనిక్‌లో ఉంది: గోడకి వేలాడే చచ్చిన పార్ట్రిడ్జ్, దాని పక్కన యుద్ధవీరుడి ఇనుప చేతొడుగులు, ఒక బాణం. హేగ్‌లో మౌరిట్‌షూయిస్ మ్యూజియంలో యాన్ బాప్టిస్ట్ వేనిక్స్ వేసిన పిట్ట మేకుకి ఒంటికాలితో వేలాడుతూ ఉంటుంది. ఈకల పనితనం నేర్చుకోవడానికి వాటిని మించినవి లేవు, పిట్ట చేతిలో ఉంది కదా వాళ్ళకి. అయితే అవి వంటింటి బొమ్మలు, వేటగాడి బొమ్మలు. పొలంలో బతికున్న పిట్ట కావాలంటే బ్రిటన్ చిత్రకారులు థామస్ బ్యూయిక్, ఆర్చిబాల్డ్ థోర్బర్న్‌ల దగ్గరికి రావాలి. బ్యూయిక్ 1797 నాటి పక్షుల పుస్తకానికి బాక్స్‌వుడ్ దిమ్మల మీద చెక్కాడు. రంగే లేదు, అయినా ఈక మెత్తదనం తెలుస్తుంది. థోర్బర్న్ వాటర్ కలర్లలో పార్ట్రిడ్జ్ గుంపులు మంచులో, కోసిన మళ్ళలో నిజంగా నిలబడి ఉంటాయి. గాయపడ్డ కుందేలు అరుపు విన్నాక ఆయన తుపాకీ పట్టడం మానేశాడట. నాకైతే థోర్బర్నే ఎక్కువ ఇష్టం.

ఒక్క విషయం మాత్రం మర్చిపోకు తల్లీ. థోర్బర్న్ చూసిన పొలం ఇప్పుడు చాలా చోట్ల లేదు. 1960ల చివరి నుంచి బ్రిటన్‌లో ఈ పిట్టలు నూటికి తొంభై వంతులకి పైగా తగ్గిపోయాయి. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు వారాలు పురుగులే తినాలి. కలుపు మందులు వచ్చాక కలుపు పోయింది, కలుపుతో పురుగులు పోయాయి, పిల్లలు ఆకలితో చచ్చిపోయాయి. డిక్ పాట్స్ అనే శాస్త్రవేత్త 1968 నుంచి దక్షిణ ఇంగ్లండులో మేముండే ససెక్స్ పొలాల్లోనే ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి ఈ సంగతి తేల్చాడు. చేను అంచున ఆరు మీటర్ల మేర మందు కొట్టకుండా వదిలితే పిల్లలు బతుకుతాయని కూడా నిరూపించారు. మా ఇంటికి దగ్గర్లో, అరండెల్ పక్కన పెప్పరింగ్ ఎస్టేట్‌లో 2003 నాటికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని పిట్టలే మిగిలాయి. కంచెలు నాటి, చేల మధ్య గడ్డి గట్లు వేసి, అంచులు వదిలేసి వాటిని మళ్ళీ పెంచారు. ఎంత గొప్ప పనో చూడు!

అందుకే నీ బొమ్మలో ఆ అంచు ఉండాలి. గడ్డి గట్టు, గసగసాల పువ్వులు, మందు పడని కలుపు మొక్కలు, ఆ మధ్యలో పిట్ట. వెనక నున్నగా దువ్విన పచ్చటి పైరు వేసి, దాని నడుమ పిట్టని పెట్టకు, అలాంటి చోట అది బతకదు.

చలికాలం గుంపు వేయాలనిపిస్తే అది వచ్చే ఏడాదికి ఉంచుకో. చీకటి పడ్డాక గుంపంతా నేల మీదే గుండ్రంగా, తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి పడుకుంటాయి. కంపోజిషన్‌కి అద్భుతం, కానీ మొదటి బొమ్మకి కష్టం. ఈసారికి జంటే చాలు.

మార్చిలో ఏదో ఒక వారాంతం మా ఇంటికి రా. శుక్రవారం రాత్రికే వచ్చెయ్, తెల్లారకముందే బయల్దేరాలి. కారు మీ మామయ్య నడుపుతారు, నువ్వు కిటికీ పక్కన కూర్చుని గీసుకో. చిన్న స్కెచ్ పుస్తకం, మెత్తటి పెన్సిల్ చాలు, రంగుల పెట్టె ఇంట్లో ఉంచు. కారులో గీసేటప్పుడు ఈకల జోలికి పోకు, మెడ నిక్కించినప్పుడు ఒక ఆకారం, వంగి మేసేటప్పుడు ఒక ఆకారం, నక్కినప్పుడు ఒక ఆకారం పట్టుకో. బూట్లు పాతవి తెచ్చుకో, ఇక్కడ బురద ఎక్కువ.

అన్నయ్యని, వదినని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్త