డ్రాయింగ్ పీరియడుకి డబ్బు ఏ పద్దులో అడగాలి?

సర్కారు బడుల్లో కళావిద్యకు నిధులు ఎలా రాబట్టాలని చాలామంది పాఠకులు రాశారు. అందులో నాలుగు ఉత్తరాలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 126 మంది పిల్లలున్నారు. డ్రాయింగ్ నేర్పే మనిషి లేరు. అడిగితే “పోస్టు లేదమ్మా” అంటున్నారు. గట్టిగా అడిగే హక్కు మాకుందా?
– స్కూల్ కమిటీ సభ్యురాలు, పల్నాడు జిల్లా

జవాబు: ఉందమ్మా. విద్యాహక్కు చట్టం, 2009 చివర్లో ఒక షెడ్యూలు ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే ఆ బడికి పూర్తికాలపు హెడ్మాస్టరుతో పాటు కళావిద్యకు, ఆరోగ్య-వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని అందులో రాసి ఉంది. కాబట్టి మీరు అడుగుతున్నది దయ కాదు, చట్టం అమలు. వీళ్ల గౌరవ వేతనం సమగ్ర శిక్ష నుంచి, అంటే కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే బడి విద్యా పథకం నుంచి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఆ ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి.

చట్టం చేతపట్టుకుని వెళ్లే ముందు యూడైస్ ప్లస్‌లో, అంటే దేశంలోని బడుల లెక్కలు నమోదయ్యే ఆన్‌లైన్ రికార్డులో, మీ బడి వివరాలు చూపించమని హెడ్మాస్టరు గారిని అడగండి. ప్రణాళిక వేసేవాళ్లు మీ ఊరొచ్చి పిల్లల్ని లెక్కపెట్టరు, అందులో ఉన్న అంకెనే తీసుకుంటారు. బడిలో 126 మంది ఉన్నా అక్కడ 97 అని ఉంటే మీ అర్జీ మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. ఇన్‌స్ట్రక్టర్ల సంఖ్య కూడా చూడండి. ఎప్పుడో మానేసిన మనిషి పేరిట ‘1’ అలాగే మిగిలిపోతే, కాగితాల మీద మీ బడిలో ఖాళీయే లేనట్టు.

ఇక తీర్మానం. “కళలను ప్రోత్సహించాలి” అని రాస్తే ఆ మాటను ఏ గడిలోనూ నింపలేరు. ఇలా రాయండి: “6–8 తరగతుల్లో యూడైస్ ప్లస్ ప్రకారం 126 మంది విద్యార్థులు ఉన్నందున, విద్యాహక్కు చట్టం షెడ్యూలు మేరకు ఒక కళావిద్య పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టరును వచ్చే వార్షిక ప్రణాళికలో మంజూరు చేయాలి.” ఒక పోస్టు, ఒక బడి, ఒక సంవత్సరం. ఇంతకన్నా ఏమీ కలపకండి. మరుగుదొడ్లు, ప్రహరీ, డ్రాయింగ్ అన్నీ ఒకే తీర్మానంలో పెడితే ప్రహరీ ఒక్కటే ముందుకు కదులుతుంది.

చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక వేసేది మీ కమిటీయే. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం 3 నెలల ముందే అది సిద్ధం కావాలని కేంద్రం నమూనా నియమాలు చెబుతున్నాయి. అంటే డిసెంబరు లోపు. తీర్మానాన్ని దానికి జతచేసి ఒక ప్రతి మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి, ఇంకొకటి జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో ఇచ్చి, రెండు చోట్లా మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. జిల్లాల ప్రణాళికలన్నీ కలిపి రాష్ట్రం ఢిల్లీలో సమగ్ర శిక్ష ప్రణాళికలను ఆమోదించే ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు ముందు పెడుతుంది. మార్చి నెలాఖరున ఇచ్చే అర్జీకి ఆ బండి దొరకదు.

ప్రశ్న: మనిషిని ఇస్తారు సరే, రంగులూ కాగితాలూ ఎవరిస్తారు? ఎంత అడగాలి?
– పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: సమగ్ర శిక్ష కింద నిర్వహణ ఖర్చులకు బడికొచ్చే కాంపోజిట్ గ్రాంటులో బోధనోపకరణాలకు, అయిపోయే సామగ్రికి చోటుంది. పిల్లల సంఖ్య 101–250 మధ్య ఉంటే ఏడాదికి 50,000, 251–1000 ఉంటే 75,000 రూపాయల వరకు వస్తుంది. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు పోవాలి. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, చిన్న మరమ్మతులు అన్నీ దీంట్లోనే కాబట్టి మొత్తం రంగులకే అడిగితే హెడ్మాస్టరు గారు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

126 మందికి ఒక నమూనా లెక్క చూడండి. డ్రాయింగ్ పుస్తకం 40 రూపాయల చొప్పున 5,040. పెన్సిలు, రబ్బరు కలిపి 15 చొప్పున 1,890. రంగుల పెట్టెలు మాత్రం తలకొకటి వద్దు. మూడు తరగతుల పీరియడ్లు వేర్వేరు వేళల్లో ఉంటాయి కాబట్టి 45 పెట్టెలు చాలు. అయితే ముగ్గురి చేతులు మారే పెట్టె ఏడాది రాదు, జూన్‌లో ఒకసారి, నవంబరులో ఒకసారి కొనాలి. 60 చొప్పున 90 పెట్టెలకు 5,400. మొత్తం 12,330 రూపాయలు. ఈ ధరలు నమూనావే, మీ ఊరి దుకాణంలో అడిగి మార్చుకోండి.

నిధులు ఆర్థిక సంవత్సరం చివర్లో పడితే హడావుడిగా ఖర్చు చూపడానికి ఖరీదైన కిట్లో, హార్మోనియమో కొని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నేర్పేవాళ్లు లేని బడికి వాయిద్యం కొనడం శుద్ధ దండగ. మనిషి ముందు, వస్తువు తర్వాత.

ప్రశ్న: బడ్జెట్‌లో కళలకు కోట్లు కేటాయించామంటారు. బడి పిల్లాడి దాకా రూపాయి రాదు. ఎందుకని?
– రంగస్థల కళాకారుడు, తెనాలి

జవాబు: రెండు పద్దులు వేరు. ‘కళలు, సంస్కృతి’ పద్దు సంఖ్య 2205. ఉత్సవాలు, అకాడమీలు, ప్రజా గ్రంథాలయాల వంటివి దాని కిందికి వస్తాయి. బడులది 2202, ‘సాధారణ విద్య’. అందులో 01 ప్రాథమిక విద్య, 02 మాధ్యమిక విద్య. 2205 ఎంత పెరిగినా ఆరో తరగతి డ్రాయింగ్ పీరియడుకి ఒరిగేదేమీ ఉండదు. ఎమ్మెల్యే గారిని కలిసినప్పుడు “కళలకు నిధులు పెంచండి” అనకుండా, “2202లో సమగ్ర శిక్షకు రాష్ట్ర వాటా సకాలంలో విడుదల చేయించండి, కళావిద్య ఇన్‌స్ట్రక్టర్ల ఖాళీలపై సభలో ప్రశ్న వేయండి” అనండి. బడ్జెట్ సమావేశాలకు నెల ముందైనా కలవాలి.

ఎంపీ నిధుల కోసం తిరుగుతున్న వాళ్లకూ ఒక మాట. ఆ నిధి గదులు, రంగస్థలం వంటి శాశ్వత ఆస్తులకే. జీతాలకు పనికిరాదు. వేదిక కట్టించుకుని దాని మీద నాటకం నేర్పే మనిషి లేకపోతే అది పెళ్లిళ్ల మండపం అవుతుంది.

నిధులు అడిగేటప్పుడు బొమ్మలేస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని దయచేసి వాదించకండి. పెరగలేదని ఎవరైనా చూపిన రోజు మీ నిధులు పోతాయి. 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళావిద్యను ఒక పాఠ్యాంశంగానే గుర్తించింది. చరిత్రకూ సైన్సుకూ ఏ న్యాయమో దీనికీ అదే.

ప్రశ్న: పోస్టు మంజూరైందంటారు, మనిషి రాడు. ఎవరిని అడగాలి?
– ఒక తండ్రి, ఆదిలాబాద్

జవాబు: మంజూరు, విడుదల, నియామకం మూడూ వేర్వేరు. అప్రూవల్ బోర్డు మినిట్స్ సమగ్ర శిక్ష వెబ్‌సైటులో ఉంటాయి. మీ రాష్ట్రానికి ఎందరు ఇన్‌స్ట్రక్టర్లు, ఒక్కొక్కరికి ఎంత అన్నది అందులో చూడండి. తర్వాత జిల్లా కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. “ఎందుకు నియమించలేదు?” అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. జిల్లాకు మంజూరైన సంఖ్య, బడివారీగా పనిచేస్తున్న వారి జాబితా, విడుదలైన మొత్తం, ఖర్చైన మొత్తం, ఖాళీలపై నడిచిన ఫైలు నకలు ఇమ్మని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

మనిషి వచ్చాక టైంటేబుల్ నకలు కూడా తీసుకోండి. పరీక్షల ముందు డ్రాయింగ్ పీరియడును లెక్కలకు ఇచ్చేయడం, ఇన్‌స్ట్రక్టరును ఆఫీసు పనికి కూర్చోబెట్టడం మామూలే. కమిటీ సమావేశంలో ప్రతి నెలా “ఈ నెల ఎన్ని కళావిద్య పీరియడ్లు జరిగాయి?” అని అడిగి, ఆ అంకెను మినిట్స్ పుస్తకంలో రాయించండి. వచ్చే డిసెంబరు తీర్మానానికి అదే మీ ఆధారం.