సిలిండర్ నూరు పెరిగితే ప్లేటుకు పదమూడు పైసలు

ప్రశ్న: మాది అనంతపురం. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. ఉగ్గాని, బజ్జి, ఇడ్లీ, కారందోసె కలిపి రోజుకు 250 ప్లేట్ల దాకా పోతాయి. నీలం రంగు కమర్షియల్ సిలిండర్ ఒకటి మూడు రోజులు వస్తుంది. మా ఇంటాయన డీజిల్ టాటా ఏస్ తోలతాడు. చీనీ (బత్తాయి) తోటల నుంచి మార్కెట్ యార్డుకు కాయ తెస్తాడు. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగుతాడు, లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుంది, డీజిల్ మాకు రూ.97 పడుతోంది. బ్యాంకులో రెండు లక్షలు ఉన్నాయి. తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 60 వేలు ఇంకా తీరలేదు. ఆ రెండు లక్షలు కట్టి, ఇంకో నాలుగు లక్షలు లోను తీసుకుని సీఎన్‌జీ బండి కొందామని ఆయన అంటాడు. రేట్లు పెరిగితే లాభం వాళ్లకే కాబట్టి ఆయిల్ కంపెనీల షేర్లు కొనమని మా తమ్ముడు అంటాడు. నేనేమో ప్లేటు 40 నుంచి 45 చేద్దామనుకుంటున్నా. ఇంకో మాట, చుట్టుపక్కల హోటళ్లలో చాలామంది ఇంటి సిలిండరే వాడుతున్నారు. నేనూ వాడొచ్చా?

జవాబు: అమ్మా, ఉత్తరంలో మీరు లెక్కలన్నీ రాశారు కాబట్టి నా పని సులువైంది. చాలామంది "గ్యాస్ మండిపోతోంది, ఏం చేయాలి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

ముందు మీ పొయ్యి దగ్గరికి వద్దాం. మూడు రోజులకొక సిలిండరంటే నెలకు పది. ప్లేట్లు నెలకు 7,500. సిలిండర్ మీద నూరు రూపాయలు పెరిగితే మీ ఖర్చు వెయ్యి పెరుగుతుంది. దాన్ని 7,500తో భాగించండి, ప్లేటుకు 13 పైసలు వస్తుంది. మీరు పెంచాలనుకుంటున్నది ఐదు రూపాయలు!

19 కిలోల కమర్షియల్ సిలిండర్ ధర మామూలుగా ప్రతి నెలా ఒకటో తేదీన మారుతుంది. మనం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. అందుకే సౌదీ కంపెనీ ప్రకటించే నెలవారీ రేటూ, డాలరు విలువా కదిలితే మీ రేటూ కదులుతుంది. ఢిల్లీ ధరలు చూస్తే 2022 మే 1న ఇది రూ.2,355.50. 2023 సెప్టెంబరు 1న 158 రూపాయలు తగ్గి రూ.1,522.50 అయింది. సరిగ్గా నెల తిరగ్గానే 209 పెరిగి రూ.1,731.50కి చేరింది. మన ఊళ్లో రవాణా కలుపుకుని అంకెలు వేరుగా ఉన్నా, ఊగే తీరు ఇదే. ఆ పై రేటుకూ కింది రేటుకూ తేడా రూ.833. అంతా మీ నెత్తిన పడిందనుకున్నా ప్లేటుకు రూపాయి పదకొండు పైసలే.

మరి గల్లాపెట్టె ఎందుకు ఖాళీ అవుతోంది? నా అనుమానం గ్యాస్ మీద కన్నా బజ్జి మూకుడు మీద ఎక్కువ. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు పెట్రోలుతో పాటు పొద్దుతిరుగుడు నూనె కూడా మండింది. ఆ నూనె మనకు ఎక్కువగా వచ్చేది రష్యా, ఉక్రెయిన్‌ల నుంచే మరి. చట్నీలోకి చెనిక్కాయ విత్తనాలు, దోసెలోకి మినప్పప్పు, ఉగ్గానిలోకి బొరుగులు, ఎర్రగడ్డలు, అన్నీ ఏదో ఒక బండెక్కి వచ్చేవే. బాడుగ పెరిగితే ఆ బరువంతా మీ సరుకుల చీటీలోకి దిగుతుంది, కానీ అక్కడ 'డీజిల్' అని ఎవరూ రాయరు. ఒక నెలపాటు నూనె డబ్బాలు, పప్పు, గ్యాస్ మూడూ మూడు వరుసల్లో రాయండి. గ్యాస్ వరుస మూడోదై తేలినా నేను ఆశ్చర్యపోను.

ప్లేటు ధర సంగతి ఆ నెల లెక్క చూశాక తేల్చండి. బస్టాండు గిరాకీ రోజూ మారుతుంది, వాళ్లు 45 ఇస్తారేమో. కానీ రోజూ వచ్చే ఆటోవాళ్లు, ఆఫీసు గుమాస్తాలు పక్కకొట్టుకు జారిపోతే తిరిగి రారు. ఉగ్గాని-బజ్జిని కదిలించకుండా, నూనె ఎక్కువ తాగే వాటి మీద రెండు రూపాయలు వేయడం నయమని నాకనిపిస్తుంది.

నెలనెలా ఊగే రేటుకు ఒక ఉపాయం చెప్తాను. ఏజెన్సీవాడు చెప్పే ధర పక్కనపెట్టి, మీకు మీరే ఒక ధర పెట్టుకోండి. పోయిన పన్నెండు నెలల రసీదులు తీసి సరాసరి కట్టి, దాని మీద ఇంకో నూరు వేయండి. సిలిండర్ దిగిన ప్రతిసారీ ఆ ధరే ఇస్తున్నట్టు లెక్క రాసుకోండి. అసలు ధర తక్కువైతే మిగిలింది వేరే ఖాతాలో వేయండి, ఎక్కువైతే అందులోంచే తీయండి. ఆ ఖాతాలో మొదట 25 వేలు పెట్టండి. రూ.833 చొప్పున పది సిలిండర్లకు మూడు నెలల పాటు దెబ్బ తగిలినా అది తట్టుకుంటుంది.

అలాగే, బర్నర్ మంట నీలంగా కాకుండా పసుపుపచ్చగా వస్తుంటే, గిన్నెల అడుగున మసి పడుతుంటే, గ్యాస్ వృథా అవుతోందని అర్థం. రంధ్రాలు తుడిపించండి. గిరాకీ లేని వేళ పెనం ఊరికే కాగుతూ ఉండే హోటళ్లు ఎన్ని చూశానో.

ఇక మీ ఆయన బండి. రెండు వేల కిలోమీటర్లకు 125 లీటర్లు, అంటే నెలకు రూ.12,125 డీజిల్. సీఎన్‌జీ వల్ల ఇంధన ఖర్చు మూడోవంతు తగ్గుతుందనుకుందాం, నెలకు నాలుగు వేలు మిగులుతాయి. నాలుగు లక్షల లోను 11 శాతం వడ్డీతో నాలుగేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.10,300. నాలుగు వేలు మిగుల్చుకోవడానికి పదివేలు కట్టడమా? పాత బండి పూర్తిగా మూలపడి, ఎలాగూ కొత్తది కొనక తప్పని రోజు వస్తే అప్పుడు సీఎన్‌జీని తప్పకుండా చూడండి. ఆ లెక్క వేరు. అప్పుడు కూడా బంకు దగ్గర క్యూలో పోయే పూట, మూడేళ్లకోసారి చేయించాల్సిన సిలిండర్ పరీక్ష గుర్తుంచుకోవాలి.

సీఎన్‌జీ ధర కదలదని ఆయన అనుకుంటే అదీ పొరపాటే. మన బావుల్లో దొరికే గ్యాస్‌లో ఎక్కువ భాగానికి 2023 ఏప్రిల్ నుంచి ఒక సూత్రం పెట్టారు. మన దేశం కొనే ముడిచమురు సరాసరి ధరలో పది శాతం, యూనిట్‌కు 4 డాలర్లకు తగ్గకుండా, 6.5 డాలర్లకు మించకుండా. 2025 ఏప్రిల్‌లో ఆ పై హద్దును 6.75 చేశారు. ఈ చవక గ్యాస్ అందరికీ సరిపోదు. 2024 అక్టోబరు, నవంబరుల్లో సీఎన్‌జీకి ఇచ్చే వాటాను కేంద్రం కోసేసింది. లోటు పూడ్చడానికి కంపెనీలు ఖరీదైన గ్యాస్ కొనాల్సి వచ్చింది, చాలా ఊళ్లలో సీఎన్‌జీ రేటు పెరిగింది.

డీజిల్ తీరు ఇంకా విచిత్రం. 2017 జూన్ నుంచి రోజువారీ రేట్లు అన్నారు. కానీ 2022 ఏప్రిల్ తర్వాత కంపెనీలు దాదాపుగా చేతులు కట్టుకుని కూర్చున్నాయి. ఆ మేలో కేంద్రం సుంకం తగ్గిస్తే ధర తగ్గింది, 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గింది. 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఎక్సైజ్ రెండు రూపాయలు పెంచినా బంకు బోర్డు మారలేదు. దాని మీద మన రాష్ట్రం వేసే 22.25 శాతం వ్యాట్, లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి వేరే. బెంగళూరు పోయే లారీలు కొడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకలోని బాగేపల్లిలో ట్యాంకు నింపుకునేది అందుకే. మీ ఆయన అటు బాడుగకు పోయినప్పుడు నింపుకోవచ్చు. పనిగట్టుకుని పోతే మాత్రం అనంతపురం నుంచి వంద కిలోమీటర్ల పైమాటే, మిగిలింది దారికే సరి.

డీజిల్ ఐదు రూపాయలు పెరిగిందనుకోండి. కిలోమీటరుకు 31 పైసలు, 40 కిలోమీటర్ల ట్రిప్పుకు పన్నెండున్నర రూపాయలు. ఆ సాకుతో ట్రిప్పుకు నూరు అడిగితే తోటవాళ్లకు మనసు విరుగుతుంది. వాళ్లు ఇప్పటికే నలిగిపోయినవాళ్లు, ఢిల్లీకి పోయే లారీ బాడుగ తీసేసుకునే కదా యార్డులో వ్యాపారి టన్ను రేటు చెప్పేది. ఇరవై అడగండి. డీజిల్ తగ్గితే తగ్గిస్తానని కూడా చెప్పమనండి. నోటిమాట కన్నా చీటీ మీద రాసుకుంటే మేలు.

తమ్ముడి సలహాకు వస్తే, ఆయన తలకిందులుగా చూస్తున్నాడు. బంకులు నడిపే కంపెనీలు ముడిచమురు కొని, శుద్ధి చేసి అమ్ముతాయి. చమురు పెరిగి, బంకులో ధర కదలకపోతే దెబ్బ వాళ్లకే. 2022 ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో హిందుస్థాన్ పెట్రోలియం సుమారు రూ.10,197 కోట్లు నష్టపోయింది. తర్వాత చమురు దిగొచ్చింది, బంకు ధర మాత్రం దిగలేదు. 2023-24లో మూడు ప్రభుత్వ కంపెనీలకూ కలిపి దాదాపు 81 వేల కోట్ల లాభం. అంటే చమురు తగ్గినప్పుడు లాభాలు. చమురు తవ్వి తీసే కంపెనీల దారి వేరే. వాటికి ధర పెరిగితే లాభమే, కానీ 2022 జులైలో కేంద్రం వాటిపై అదనపు పన్ను వేసి 2024 డిసెంబరు దాకా ఉంచింది. ప్రభుత్వం ఎప్పుడు ఏ వైపు చేయి పెడుతుందో తెలియని చోట హోటలు డబ్బు పెట్టకండి.

ఆ రెండు లక్షల్లో మొదటి 60 వేలు రేపే తీసి ఆ వడ్డీ అప్పు తీర్చేయండి. నూటికి రెండు రూపాయలంటే నెలకు 1,200. అంటే మీ పది సిలిండర్లలో ఒక్కోదాని మీద 120 రూపాయలు పెరిగినట్టే. ఆ పెంపు ప్రతి నెలా ఉంది, ఏ ఒకటో తేదీనా తగ్గదు, ఏ టీవీలోనూ రాదు. బ్యాంకు పొదుపు ఖాతాలో ఉన్న రెండు లక్షలు దానికి దరిదాపుల్లో కూడా సంపాదించడం లేదు. మిగతాదాంట్లో 25 వేలు పైన చెప్పిన గ్యాస్ ఖాతాకు, ఇంకో 25 వేలు బండి టైర్లు, ఇన్సూరెన్సుకు. 90 వేలను మూడు ఫిక్సెడ్ డిపాజిట్లుగా చేయండి. అవసరం పడితే ఒకటి విరిచినా మిగతా రెండూ కదలవు.

చివరిగా ఇంటి సిలిండర్. అది హోటల్లో వాడటం నేరం. ఇంటి గ్యాస్‌పై జీఎస్టీ 5 శాతమైతే కమర్షియల్‌పై 18 శాతం, కడుపు మండే మాట నిజమే. కానీ ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్లు తలుపు కూడా తీయరు. తనిఖీలో పట్టుబడితే ఇంటి కనెక్షన్‌కే ఎసరు. తెల్లకార్డు ఉంటే రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్ల డబ్బు ముందు మీరు కట్టి, తర్వాత ఖాతాలో వాపసు పొందే వీలుంది. ఆ సౌకర్యాన్ని మిగిలే నాలుగు డబ్బుల కోసం పోగొట్టుకుంటారా? హోటల్లో ఎర్ర సిలిండర్ ఏదైనా ఇప్పటికే ఉంటే, ఈ సాయంత్రమే ఏస్‌లో వేసి ఇంటికి పంపేయండి.