ధ్యానం కుదరకపోవడం కాదు, ఆ జ్వరం సంగతి చూడాలి

ప్రశ్న: మాది విశాఖపట్నం. వయసు 36. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టెన్షన్ తగ్గుతుందని రెండు నెలలుగా రోజూ పొద్దున్నే కొండ కింద గడ్డిలో చెప్పులు విడిచి అరగంట కూర్చుని మైండ్‌ఫుల్‌నెస్ చేస్తున్నాను. నిద్ర బాగా పట్టేది. వారం నుంచి ధ్యాస నిలవడం లేదు. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, సాయంత్రానికి జ్వరం. డోలో వేసుకుంటే తగ్గి మళ్లీ వస్తోంది. మందుల షాపులో అడిగి మూడు రోజులు యాంటీబయోటిక్ కూడా వాడాను. లోపల పేరుకున్న ఒత్తిడి ఇలా బయటికి పోతుందని ఒక వీడియోలో విన్నాను. నడుము దగ్గర చిన్న నల్లటి పక్కు కట్టింది కానీ నొప్పి లేదు. కూర్చునే సమయం పెంచాలా? మా అమ్మ (62 ఏళ్లు, షుగర్ ఉంది) కూడా ఈమధ్య నాతో వస్తోంది.

డాక్టర్ సలహా: సమయం పెంచే మాట తర్వాత చూద్దామమ్మా. ఈ రోజే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. నొప్పి లేదు కదా అని మీరు తేలిగ్గా రాసిన ఆ నల్లటి పక్కే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది.

ఉత్తరం చదివి జబ్బు ఇదీ అని తేల్చలేను. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా ఇలాగే మొదలవుతాయి. కానీ రోజూ గడ్డిలో కూర్చోవడం, వారం రోజుల జ్వరం, సిగరెట్‌తో కాల్చినట్టు మధ్యలో నల్లగా, చుట్టూ ఎర్రగా ఉండే నొప్పి లేని పుండు... ఈ మూడూ కలిస్తే ముందు స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అవునో కాదో తేల్చుకోవాలి. పేరు దగ్గరగా ఉన్నా ఇది టైఫాయిడ్ కాదు. టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష ఒక్కటి చేయించుకుని ఊరుకుంటే సరిపోదు.

మిరప తోటలో ఎర్రనల్లి గురించి వినే ఉంటారు. దానికి దూరపు చుట్టం లాంటి పురుగు గడ్డిలో, తుప్పల్లో ఉంటుంది. దాని పిల్ల కంటికి ఆనదు, కుట్టినా తెలియదు. బట్ట బిగుతుగా పట్టి ఉండే నడుము, చంక, గజ్జల్లాంటి చోట్ల కుట్టి, స్క్రబ్ టైఫస్ సూక్ష్మజీవిని ఒంట్లోకి ఎక్కిస్తుంది. ఆ తర్వాత 6 నుంచి 21 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. ఆ పుండు అందరిలోనూ కనపడదు. మీకు కనపడింది కాబట్టి డాక్టరుకు తప్పకుండా చూపించండి. సిగ్గుపడి దాచకండి.

నేను రోజూ రోగులతో గొడవపడేది మందుల షాపు యాంటీబయోటిక్ గురించే. ఈ సూక్ష్మజీవి మన కణాల లోపల బతుకుతుంది. షాపుల్లో తరచూ చేతిలో పెట్టే సెఫిక్సిమ్ లాంటివి దానిమీద పనిచేయవు. మూడు రోజులు అలా గడిచిపోతాయి, డాక్టరుకేమో ఏది మందు వల్ల, ఏది జబ్బు వల్ల అన్నది తేలదు. వాడిన స్ట్రిప్పు పారేయకుండా వెంట తీసుకెళ్లండి. సమయానికి వస్తే దీనికి మంచి మందు ఉంది. డాక్సీసైక్లిన్‌తో చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. పేరు చెప్పాను కదా అని దయచేసి మళ్లీ షాపుకు పరిగెత్తకండి. గర్భం ఉంటే మందు మారుతుంది, జబ్బు వేరైతే చికిత్సే వేరు. రెండో వారంలోకి వెళ్లాక ఇదే జ్వరం ఊపిరితిత్తులు, కిడ్నీలు, కాలేయం, మెదడు మీదికి వెళ్లవచ్చు. ఆయాసం, మగత, మాట తడబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఓపీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. స్క్రబ్ టైఫస్ ఐజీఎం ఎలీసా అనే రక్త పరీక్ష, ప్లేట్‌లెట్లు, కాలేయం, కిడ్నీ పరీక్షలు అవసరాన్ని బట్టి వాళ్లు రాస్తారు. డెంగీ కాదని తేలేదాకా బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రల జోలికి పోవద్దు.

ఒత్తిడి జ్వరమై బయటికి పోతుందన్న మాట నమ్మకండి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీలో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణలో బాడీ స్కాన్ అనే సాధన ఉంది. పాదాల నుంచి తల దాకా ఒంట్లో ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు గమనించడమే అది. మీరు గమనించారు కూడా. గమనించినదాన్ని పట్టించుకోవాలి కదమ్మా!

మీ సాధన నాకు నచ్చింది, మానమని చెప్పను. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిని చూసిన 2019 నాటి అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లు అసలు వెళ్లనివాళ్ల కన్నా ఆరోగ్యం బాగుందని చెప్పారు. కారణం అదేనని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. మీ అరగంట లెక్కకు వారానికి 210 నిమిషాలు ఇప్పటికే అవుతోంది, పెంచాల్సిన పని లేదు. జ్వరం పూర్తిగా తగ్గి ఓపిక వచ్చాక మళ్లీ వెళ్లండి. గడ్డిలో కాకుండా బెంచీ మీదో, వెంట తీసుకెళ్లిన కుర్చీలోనో కూర్చోండి. నిండు ప్యాంటు, సాక్సులు, బూట్లు ఉండాలి. ఇంటికి రాగానే బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్లు రుద్ది స్నానం చేయండి.

మీ అమ్మగారి నడుము, చంకలు, వీపు ఈ రోజే ఒకసారి చూడండి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, కానీ ఆమె కూర్చున్నదీ ఆ గడ్డిలోనే. జ్వరం లేకపోతే పరీక్షలు అక్కర్లేదు. వచ్చే మూడు వారాల్లో ఎప్పుడు ఒళ్లు వెచ్చబడినా డోలో ఇచ్చి ఎదురు చూడకండి. షుగర్ ఉన్న మనిషి, అదే రోజు డాక్టరుకు చూపించండి.