పీఎల్‌సీ కోర్సులో చేర్చే ముందు

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అబ్బాయి డిప్లొమా ట్రిపుల్‌ఈ పూర్తిచేశాడు. మూడు నెలల పీఎల్‌సీ (ఫ్యాక్టరీ మిషన్లను నడిపే చిన్న కంప్యూటరు) కోర్సు చేస్తే ఆటోమేషన్‌లో ఉద్యోగం వస్తుందంటున్నారు. చేర్పించమంటారా?

జవాబు: నేర్పించండి. కానీ మూడు నెలలూ కంప్యూటరు ముందే కూర్చోబెట్టే చోట వద్దండీ. మీ ఊరి గ్రోత్ సెంటర్లోనైనా, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనైనా కొత్త కుర్రాడి చేతికి ప్రోగ్రాం అంత తొందరగా ఇవ్వరు. మిషను ఆగితే ప్యానెల్ తలుపు తీసి, తప్పు ఎక్కడుందో పట్టుకోమంటారు.

పీఎల్‌సీ ముందు బటన్లు, సెన్సర్ల స్థితి చదువుతుంది, ప్రోగ్రాంను పైనుంచి కిందికి ఒకసారి నడుపుతుంది, ఫలితాన్ని ఔట్‌పుట్లకు పంపుతుంది. కొన్ని మిల్లీసెకన్లలో ఒక చుట్టు పూర్తి, వెంటనే మళ్లీ మొదలు. ఇది వారంలో అర్థమవుతుంది.

కష్టమంతా వైర్ల దగ్గరే. స్టాప్ బటన్‌నే తీసుకోండి. దాన్ని ఎన్‌సీ కాంటాక్టుకు, అంటే మామూలుగా కలిసుండి నొక్కితే విడిపోయేదానికి, కలుపుతారు. నొక్కనంతసేపూ ఇన్‌పుట్‌కు 24 వోల్టులు అందుతుంటాయి. ఎలుక వైరు కొరికినా, స్క్రూ వదులైనా ఆ వోల్టేజీ పోయి మోటారు దానంతటదే ఆగుతుంది. ఎన్‌ఓకి, అంటే నొక్కితేనే కలిసేదానికి, కలిపితే వైరు తెగిన సంగతి ఆపత్సమయంలో బటన్ నొక్కినప్పుడే తెలుస్తుంది! పిల్లలు తడబడేదీ ఇక్కడే. బటన్ ఎన్‌సీ కదా అని లాడర్‌లోనూ (నిచ్చెనలా గీసే పీఎల్‌సీ ప్రోగ్రాం) ఎన్‌సీ గుర్తే గీస్తారు, మోటారు స్టార్టే అవదు. ఇన్‌పుట్ అప్పటికే ఆన్‌లో ఉంది కాబట్టి లాడర్‌లో, ఇన్‌పుట్ ఆన్‌లో ఉంటే దారిచ్చే ఎన్‌ఓ గుర్తు పెట్టాలి. ఎమర్జెన్సీ స్టాప్‌నైతే ప్రోగ్రాం మీద వదిలేయకూడదు, సేఫ్టీ రిలే ద్వారా నేరుగా కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) కాయిల్ సప్లైనే కోసేలా కలపాలి.

సెన్సర్లు పంపే 4-20 మిల్లీఆంపియర్ల సిగ్నల్ గురించి కూడా బాగా తెలిసుండాలి. ప్రెజర్‌ను కరెంటు సిగ్నల్‌గా మార్చి పంపే 0-10 బార్ ట్రాన్స్‌మిటర్‌లో 12 మిల్లీఆంపియర్లంటే 5 బార్. ప్రెజర్ లేకపోయినా 4 రావాలి. మీటరు సున్నా చూపిస్తే వైరు తెగిందో, సప్లై పోయిందో వెతకాలి.

ఈలోగా కోడెసిస్ అనే పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పీఎల్‌సీ లేకుండానే సిమ్యులేషన్‌లో లాడర్ సాధన చేయొచ్చు. కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే, రెండు బటన్లు కొనిచ్చి, తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరుండగా డీఓఎల్ స్టార్టర్ (మోటారును నేరుగా సప్లైకి కలిపి నడిపేది) వైరింగ్ చేయించండి.

ఫీజు కట్టేముందు ఒక్కో ప్రాక్టీసు కిట్‌కు ఎంతమందో, వైరింగ్ ఎవరు చేస్తారో అడగండి. కావాలని వైరు పీకేసి తప్పు వెతికిస్తారా అన్నదీ అడగండి. కిట్ ముందే కలిపి ఉంటుంది, ముట్టుకోనక్కర్లేదు అంటే అక్కడ చేర్చకండి.